పెద్ద చేసిన దీపం

పోయిన వారం వరూధినిని మా వాకిట్లో నిలబెట్టి ఆగాను. ఆమె ఇంకా అక్కడే ఉంది. చెప్పులు విప్పలేదు.

నడుమ చేరినవాళ్ల కోసం కొంచెం వెనక్కి పోతాను. నేను వయసులో ఉండగా ఉత్తరాన, ఒరిస్సా దాపులో, కొంకిరేవు లైట్‌హౌస్‌లో పనిచేశాను. ఇక్కడి చిక్కపేట ఇత్తడి అంగడి నుంచి దీపం సామాన్లకు మెరుగు పెట్టడానికని పోయి, అక్కడే నిలిచిపోయినవాణ్ణి. ఒక సాయంత్రం కొండ మీద వెలుగు లేక, ఉప్పు పడవ ఒకటి రాళ్లకు తగిలింది. మనుషులు ఈదుకొచ్చారు. పడవ పోయింది. నేను అబద్ధమాడానని తేల్చి ఇంటికి పంపేశారు. మా పెద్ద కీపరు రాజగోపాల్ గారిని కూడా ఆ దీపం దగ్గర ఉండనివ్వలేదు. అబద్ధమాడింది ఆయనేనని నా మనసులో ఉండిపోయింది. ఇన్నేళ్లూ దాన్ని మోసుకుంటూనే తిరిగాను.

ఇప్పుడు ఆ పాత దీపాన్ని ఒక్క సాయంత్రం మళ్లీ వెలిగిస్తారట. పాతవాళ్లలో మిగిలినవాణ్ణని నన్నూ రమ్మన్నారు. మనవరాలు చైత్ర రైలుకు టికెట్లు తీసింది. నా భార్య అంజినమ్మ సముద్రం గాలికని మఫ్లరు కొనింది. అన్నీ సర్దుకున్నాక ఈమె వచ్చింది. రాజగోపాల్ గారి కూతురు. నేను చూసినప్పుడు రెండు జడల పిల్ల. ఇప్పుడు తల నెరిసింది. కళ్లద్దాలు వచ్చాయి. గడ్డం మాత్రం అట్లాగే ఉంది, వాళ్ల నాన్నది.

"ఏమమ్మా, వాకిట్లోనే నిలబడిపోతివి. లోపలికి రా," అని అంజినమ్మ పిలిచింది. "ఈయప్ప పిలిచేదాకా ఉంటే తెల్లారతాది. ఈయప్ప నోట్లోంచి మాట రావాలంటే సుత్తి తీసుకోని కొట్టాల."

వరూధిని నవ్వలేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చుంది. చేతిసంచి ఒళ్లోనే పెట్టుకుంది. బొమ్మసంద్ర దాకా మెట్రోలో వచ్చి, అక్కణ్ణించి ఆటోలో వచ్చానంది. బయట మబ్బు కమ్ముకుంటోంది.

"రెండు మాటలు చెప్పి వెళ్లిపోతాను. కాఫీలేమీ వద్దు."

"కాఫీ ఏం చేసె నిన్ను? తాగి పో," అని అంజినమ్మ వంటింట్లోకి పోయింది.

చైత్ర సోఫా చివర లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని ఉంది. ఆఫీసు మీటింగేమో, చెవిలో ఇయర్‌ఫోను ఒకటి పెట్టుకుంది, ఒకటి తీసేసింది. తీసిన చెవి మా వైపు ఉంది.

"కొంకిరేవు నుంచి నాకూ ఫోన్ చేశారు," అంది వరూధిని. "మీరు వస్తున్నారట."

"ఊఁ."

"రాకండి."

ఆమె మొహం వైపు చూశాను.

"ఒంట్లో బాగాలేదని చెప్పండి. పెద్దవయసు కదా, ఎవరూ తప్పుపట్టరు. ఆ మెట్లు మీరెక్కుతుంటే కింద నిలబడి చూడడం నావల్ల కాదు. అది చెప్పడానికే వచ్చాను."

చైత్ర రెండో చెవిది కూడా పీకేసింది. "ఆంటీ, ఇదేం న్యాయం? తాత ఎంత వెయిట్ చేస్తా ఉండాడో మీకు తెల్సా? నా ఫోన్లో ఆ లైట్‌హౌస్ ఫోటో పెట్టుకోని, జూమ్ చేసి చేసి స్క్రీన్ అరగదీసినాడు. మా పెండ్లి ఆల్బమ్ గూడా అంత సేపు చూడలే మనిషి."

"గమ్మునుండు చైత్రా," అన్నాను.

"నువ్వు గమ్మునుండేది చాలదా, నన్ను గూడా ఉండమంటావా?"

వరూధిని ఆ పిల్లను చూసింది. కోపంగా కాదు. ఆ వయసు దాటి వచ్చినవాళ్లు చూసే చూపు. నేను మాత్రం వరూధినిలో జడల పిల్లనే వెతుకుతున్నాను.

బడి లేని పగళ్లు ఆ పిల్ల నా వెనకే మెట్లెక్కేది. సుడి తిరిగే మెట్లు. లోపల ఎప్పుడూ కిరసనాయిలు, ఇత్తడి, ఉప్పుగాలి కలిసిన వాసన. పైన అద్దాల గది. నడిమధ్య మనిషెత్తు అద్దాల దీపం, వలయాలు వలయాలుగా, లోపల ఒక చిన్న మంట కోసం కట్టిన గాజు గోపురంలా ఉండేది. మంట చిన్నదే. ఆ అద్దాలే దాన్ని అంత దూరం పంపేవి.

పగలు మాకు మొదటి పని తెరలు వేయడం. చుట్టూ ఉన్న కిటికీ అద్దాలకు మందపాటి గుడ్డ తెరలు దించాలి. ఎందుకంటే రాత్రి వెలుగును బయటికి పంపే అద్దాలే, పగలు ఎండను లోపలికి లాక్కుంటాయి. తెర కాస్త తప్పుకుంటే ఎండ ఒక చోట సూదిలా దిగి, దిగినచోట కాలుతుంది. ఆ చీకటి గదిలో నేను చింతపండు, ఇటుకపొడి పెట్టి ఇత్తడి తోముతుంటే, ఆ పిల్ల గాజు వలయాల్లోకి తొంగిచూసేది. అందులో సముద్రం తలకిందులుగా కనిపించేది. పడవలు మేఘాల కింద వేలాడేవి.

"తిమ్మన్నా, మనం కూడా ఆ పక్కనుంచి చూస్తే తలకిందులేనా?" అని అడిగేది.

"ఏమో తల్లీ" అనేవాణ్ణి.

వాళ్లమ్మ నన్ను చూసి నవ్వడం కూడా గుర్తుంది. నేను కొత్తగా చేరినప్పుడు, చీకటి పడ్డాక ఆమె వంటింట్లోంచి "అయ్యో, దీపం కొండెక్కిపోయింది" అంది. నేను బయటికి పరుగెత్తి కొండ వైపు చూశాను. ఎవరు ఎక్కించారు, ఏ దీపం అని. వాళ్ల వైపు దీపానికి ఆ మాట అంటారని నాకేం తెలుసు? వంటింట్లో దీపం పోతే కొండెక్కింది అంటారట. తండ్రీ కూతురూ తల్లీ కడుపులు పట్టుకొని నవ్వారు. రాజగోపాల్ గారు నా వీపు తట్టి, "ఒరే తిమ్మా, మన ఉద్యోగమే కొండ మీద దీపంరా, నువ్వు పరుగెత్తింది సరైన పనే" అన్నారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో మాట్లాడాలంటే నాకు ఇంకొంచెం సిగ్గు. ఉన్న నాలుగు మాటలూ రెండయ్యాయి.

"మీరు మర్చిపోయారేమో," అంటోంది వరూధిని. "చాప సంగతి."

మర్చిపోలేదు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఆటకు తెర పక్కకు జరిపింది. నేను దిగువన ఉన్నాను. ఎండ అద్దంలోంచి దిగి, కింద పరిచిన తాటాకు చాప అంటుకుంది. పొగ వాసనకు ఎక్కి కాళ్లతో తొక్కాను. రాజగోపాల్ గారు వచ్చి అడిగితే, నా బీడీ పడిందన్నాను. ఆ రోజు ఆయన నన్ను తిట్టిన తిట్లు ఆ పిల్ల మెట్ల మీద కూర్చొని వింది.

"పడవ పోయాక మా నాన్న చాలా రోజులు నమ్మలేదండీ," అంది వరూధిని. గొంతు సన్నబడింది. "తిమ్మడు అబద్ధమాడడు, ఇంకేదో జరిగింది అనేవాడు. అన్నం ముందు కూర్చుని అదే మాట. నేను చూడలేకపోయాను. అప్పుడు చెప్పాను. నాన్నా, తిమ్మన్న అబద్ధం ఆడగలడు, చాప కాల్చింది నేను, తను కాదు అని. అప్పుడు నమ్మాడు. ఆ తర్వాత మీ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అంజినమ్మ వింటోందని తెలిసింది.

"మా నాన్నని ఎక్కడో పట్నంలో సామాన్ల గోదాముకి వేశారు. కిటికీ లేని గది. సముద్రం వాసన కూడా రాదు. అక్కడే రిటైరయ్యాడు. సాయంత్రమైతే వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. ఎందుకో మేం అడిగేవాళ్లం కాదు. దీపం వేళ అని మాకు తెలుసు." ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఏటి కావాలని అంత అబద్ధం చెప్పారు మీరు? దీపం ఎలగుందిరా అని అడిగితే, పెద్ద చేసినానని చెప్పారు. చెప్పారా, లేదా?"

"చెప్పినాను."

"చూడండి! నోటితో ఒప్పుకుంటున్నారు. మొహం మీదే ఒప్పుకుంటున్నారు!"

"చెప్పినాను తల్లీ. పెద్ద చేసినాను, పెద్ద చేసినానని చెప్పినాను. దాంట్లో అబద్ధమేముండాది?"

"పెద్దది చేస్తే చీకటెలా అయిందండీ?"

నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. నేను చేసింది చేసినట్టే ఆమె చెబుతోంది, మళ్లీ అబద్ధం అంటోంది. ఆ రోజుల్లో విచారణకు వచ్చిన ఆఫీసర్లు కూడా ఇంతే. రాజగోపాల్ గారు, "పెద్ద చేసినానని చెప్పాడు, నమ్మాను" అన్నారు. "చెప్పావా?" అని నన్నడిగారు. చెప్పానన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పానని ఆయనే ఒప్పుకున్నాక తప్పు నాదెట్లా అవుతుంది? పెద్దవాళ్లు పెద్దవాళ్లను కాపాడుకుంటారు, అంతే అనుకున్నాను. సంచి భుజాన వేసుకొని బండెక్కాను.

ఇప్పుడూ వాదన నాకు చేతకాలేదు. ఎదురుగా ఆయన గడ్డం ఉంది. వణుకుతోంది.

"సరే. రాను," అన్నాను.

చైత్ర లాప్‌టాప్ ఠప్‌మని మూసింది. "తాతా!"

"ఏమి రాను?" అని అంజినమ్మ కాఫీ లోటాలతో బయటికి వచ్చింది. "ఎక్కడికి రావు? మఫ్లరు ఎవరికి కట్టేది, ఆ గేటుకు కట్టేదా?"

అప్పుడే ఉరుము ఉరిమింది. కరెంటు పోయింది.

మా చందాపురలో ఇది కొత్త కాదు. నాలుగు చినుకులకు పోతుంది. చైత్ర ఫోన్ లైటు వేసింది. అది వరూధిని మొహం మీద పడింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ లైటు మొగాన కొట్టొద్దే, దొంగను పట్టుకున్నట్ల ఉండాది," అని కసిరింది అంజినమ్మ. "యూపీఎస్ బ్యాటరీ మార్పియ్యమంటే ఎవురూ మార్పియ్యరు. నాకు మాత్రం దీపముండాది, నా బ్యాటరీ ఎప్పుడూ సావదు." దేవుడి గూట్లోంచి ఇత్తడి దీపం తెచ్చి మా నడుమ స్టూలు మీద పెట్టి వెలిగించింది.

గదంతా మెత్తబడింది. వాన మొదలైంది. రేకుల మీద చప్పుడు. ఆ దీపం అంజినమ్మ పుట్టింటిది. నేను వారం వారం తోముతాను. ఇంట్లో ఇంకెవరు తోమినా నాకు నచ్చదు. మంట నిలబడ్డాక వెలుగు ఇత్తడి కడుపు మీద పడి గుండ్రంగా తిరిగింది.

వరూధిని దాన్నే చూస్తోంది. కాఫీ వద్దన్న మనిషి లోటా తీసుకుంది. ఒక గుక్క తాగి అడిగింది.

"ఇంకా చింతపండుతోనే తోముతారా?"

"ఊఁ. ఇటుకపొడి దొరకడం లేదు ఇక్కడ."

"అక్కడ ఆ వాసన ఇంట్లో కూడా ఉండేది. మా అమ్మ పులుసు పెట్టినా లైట్‌హౌస్ వాసనే అనేదాన్ని." లోటా వైపు చూసుకుంది. "మీరు వెళ్లిపోయాక కొత్తతను పొడి డబ్బాలు తెప్పించాడు. ఇత్తడి మెరిసేది గానీ, మీరు తోమినట్టు కాదు. తెల్లగా మెరిసేది. మీది ఎర్రగా ఉండేది, పొద్దుటి ఎండలా."

మెచ్చుకుంటోందో, తప్పు పడుతోందో తెలియలేదు. తలవంచుకొని వత్తి వైపు చూశాను. ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. బయట నీళ్లు కాలువ కట్టి పారుతున్నాయి. అటూ ఇటూ తీరం ఉండి, నడుమ ఒక్క చిన్న వెలుగు ఉన్నట్టు అనిపించింది.

కరెంటు వచ్చింది. ట్యూబులైటు కొట్టుకుని వెలిగింది. ఫ్యాను తిరగడం మొదలైంది. దీపం మంట పక్కకు ఒరిగి రెపరెపలాడింది.

"చైత్రా, గాలికి పోయే ముందే దీపం పెద్ద చెయ్యే," అంది అంజినమ్మ.

"ఇంకా పెద్దదెందుకమ్మా," అంది వరూధిని, మర్యాదకు. "కరెంటు వచ్చింది కదా."

చైత్ర దేవుడి గూట్లోంచి ఒక చామంతి పువ్వు తెచ్చింది. వంగి, పువ్వుతో వత్తిని మెల్లగా నొక్కింది. మంట పోయింది. సన్నటి పొగ తీగలా లేచింది.

వరూధిని లోటా కింద పెట్టింది. పెట్టిన చప్పుడు పెద్దగా అయింది.

"పెద్ద చెయ్యమన్నారు కదమ్మా?"

"చేసింది కదా," అంది అంజినమ్మ.

"ఆర్పేసింది!"

"అయ్యో, సాయంత్రం పూట దీపానికి ఆ మాట అంటారామ్మా?" అంజినమ్మ చెంపలు వేసుకుంది. "మా పక్క ఎవురూ అనరు. పెద్ద చెయ్యడమంటే అదే. మా అవ్వ అనేది, వాళ్లవ్వ అనేది. ఇక్కడ కన్నడమోళ్లు గూడా దీప దొడ్డదు మాడు అంటారు, అదే మాట. పోయిందనకుండా పెద్దదాయె అనుకుంటాము. మీరేమంటారో?"

వరూధిని పెదాలు కదిలాయి.

"కొండెక్కింది అంటాం," అంది.

ఆమె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. స్టూలు మీద వత్తి చివర ఎర్రగా ఒక చుక్క ఇంకా ఉంది. అదీ నల్లబడింది.

చైత్రకు ఏమీ అర్థం కాలేదు. "ఏమాయె? ఎవరన్నా చెప్తారా నాకు?"

చెప్పాలి. చెప్పవలసినవాణ్ణి నేనే. ఆ ఇంట్లో అందరూ నా నోటి వైపు చూశారు. నా పెళ్లయినప్పట్నుంచి అన్ని మాటలు నేను ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఆ పొద్దు మీ నాయనకు జరం," అని వరూధినికే చెప్పాను. "కింద పడుకోనుండె. దీపానికి నన్నొక్కణ్ణే పంపింది అదే మొదలు. రోజూ తెల్లారి దీపం తీసేది ఆయన చేతి పని. నన్ను ముట్టనిచ్చేటోడు కాదు. అందుకే ఆ మాట మాకిద్దరికీ నడుమ అంతకు ముందు ఎప్పుడూ రాలేదు తల్లీ. వెలిగించినాక మాంటిల్ చిరిగిపోయె."

"మాంటిల్ అంటే?" అంది చైత్ర.

"పెట్రోమాక్సు లైటుకు కడతారే, బట్ట తిత్తి. అది. చిరిగితే మంట పక్కకు తన్ని పొగ కక్కుతాది. అద్దాలన్నీ మసి అయితాయి. అందుకని నేను..." ఆగాను. ఏ మాట వాడాలో తెలియలేదు. "అంజీ చెప్పింది కదా, అది చేసినా. కొత్త మాంటిల్ పెట్టె తాళం ఆయన దగ్గర. కట్టేది గూడా ఆయనకే వచ్చు. దిగి ఉరికినా. కిటికీలో తల పెట్టినా. దీపం ఎలగుందిరా అనె. పెద్ద చేసినానయ్యా అంటి."

వరూధిని కళ్లు మూసుకుంది.

"మంచి పని చేసావు అనె," అన్నాను. "పోయి కూడు తిను, మిగతాది నేను చూసుకుంటాను అనె. నేను పోయినా. ఆయన లేచి మాంటిల్ కట్టుకుంటాడని పోయినా. జాలర్ల పేటలో తింటా ఉంటే కొండ మీద వెలుగు లేదు. కడతా ఉండాడేమో అనుకుంటి. అరుపులు వినపడినప్పుడు ముద్ద చేతిలోనే ఉండె. చూసుకుంటానని ఆయనే నాతో అబద్ధమాడె అనుకుంటి."

"దీపం జోరుగా వెలుగుతోంది అనుకుని పడుకున్నాడు నాన్న," అంది వరూధిని, కళ్లు తెరవకుండానే. "రెండో కాపలాకి లేద్దామని. మిగతాదంటే అదే."

"నాకు తెలీదు."

"ఆయనకీ తెలీదు."

వాన సన్నబడింది. ఫ్యాను కిందికి ఆ పొగ వాసన ఇంకా తిరుగుతోంది. నా మనసులో ఒక మనిషి మీద ఇన్నేళ్లు పెట్టుకున్న కోపం ఉంది కదా. దాన్ని ఎక్కడ దించాలో తెలియక అట్లాగే పట్టుకొని కూర్చున్నాను. కిటికీ లేని గోదాములో ఆయన. చిక్కపేటలో ఇత్తడి చెంబులు తోముతూ నేను. ఇద్దరం ఒకరినొకరం అబద్ధాలకోరు అనుకుంటూ. కొండెక్కింది అంటే పరుగెత్తిన నన్ను చూసి నవ్వారే, ఆ రోజు నేను మా వైపు మాట కూడా ఒకటి చెప్పి ఉంటే ఇంకోసారి నవ్వుకునేవాళ్లం. ఆ మాట అంతటితో అయిపోయేది.

అంజినమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంతా చేసి నా మాటదా తప్పు?" అంది. "మా అవ్వ నేర్పిన మాటమ్మా అది. మంచికని నేర్పె."

"మాట తప్పేముందమ్మా," అంది వరూధిని. లేచి వచ్చి నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. ఆ వయసులో అట్లా కూర్చోవడం కష్టం. కూర్చుంది.

"తిమ్మన్నా."

ఆ పిలుపు విని నాకు ఇత్తడి వాసన వచ్చింది. తెరలు దించిన గది, తలకిందుల సముద్రం.

"చాప సంగతి నేను చెప్పకపోతే నాన్న నమ్మేవాడే కాదు."

"చిన్నపిల్లవు తల్లీ. నిజమే చెప్తివి."

"రమ్మంటాను. కొంకిరేవుకి. రావాలి నువ్వు."

చైత్ర "యెస్!" అని అరిచి, అవ్వ చూపుకు తగ్గింది. అంజినమ్మ మఫ్లరు ఎక్కడ పెట్టానా అని చూస్తోంది.

నేను తలాడించాను. కానీ లోపల సంతోషం నిండలేదు. ఎక్కి ఏం లాభం? ఈ మాట వినవలసిన మనిషి ఒకడే. ఆయన లేడు.

"ఆయనుంటే బాగుండె," అన్నాను. "మీ నాయనకు తెలిసుంటే."

వరూధిని వింతగా చూసింది.

"లేడని నీకెవరు చెప్పారు తిమ్మన్నా?"

ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. ఆమె తల నెరవడం చూసి, నేనే లెక్కేసుకున్నాను.

"నువ్వు ఆయన కంట పడకూడదనే నేను ఇంత దూరం వచ్చింది. అక్కడ దీపం వెలిగించేది ఆయనే. కుర్చీలో మోసుకుని ఎక్కిస్తారు. మా ఇంట్లోనే ఉన్నాడు, జయనగర్‌లో. ఈ ఊళ్లోనే."

ఈ ఊళ్లోనే. నేను చిక్కపేటకు పోయినప్పుడల్లా దాటే దారిలోనే ఆ ఇల్లు.

ఆమె సంచిలోంచి ఫోన్ తీసింది. "చెవులు సరిగ్గా వినపడవు. కథంతా చెబితే అందదు. ఒక్క మాట, గట్టిగా చెప్పాలి." నొక్కి, నా ముందు స్టూలు మీద, చల్లారిన దీపం పక్కన పెట్టింది. అది మోగుతోంది. అంజినమ్మ ఫ్యాను తీసేసింది.

అవతల ఎవరో ఎత్తారు. మంచం కిర్రుమంది. దగ్గు వినిపించింది.

"నాన్నా, ఇక్కడ ఎవరున్నారో తెలుసా? తిమ్మన్న. కొంకిరేవు తిమ్మన్న."

పెట్టేశాడేమో అనుకున్నాను. శ్వాస వినిపిస్తోంది. పైకీ కిందికీ, మెట్లెక్కే మనిషి శ్వాసలా.

తర్వాత ఆ గొంతు వచ్చింది. సగం అరిగింది. అయినా ఆ గొంతే. అందులో కోపముందో, ఇంకేదైనా ఉందో నేను పోల్చుకోలేకపోయాను.

"తిమ్మడా? దీపం ఎలగుందిరా?"

అంజినమ్మ నా వైపు చూసింది. వరూధిని నా వైపు చూసింది. పెద్ద చేసినానని మా పక్క అవ్వల మాట ఒకటి ఉంది, కొండెక్కిందని వరూధిని వాళ్లమ్మ మాట ఒకటి ఉంది. ఒక్క మాటే అందుతుంది ఆయనకు.

ఫోన్ దగ్గరికి వంగి, నోరు తెరిచాను.